"లోకల్‌హోస్ట్‌లోనే కదా" అనుకున్న టూల్ సర్వర్‌లో కమాండ్ ఇంజెక్షన్: ఎందుకు సీరియస్, ఎలా సరిచేయాలి

ముందు మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంత వరకు చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. మీ టీమ్‌లో డెవలపర్ల కోసం నోడ్ (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే ప్లాట్‌ఫామ్), దాని మీద నడిచే ఎక్స్‌ప్రెస్ లైబ్రరీలతో ఒక చిన్న టూల్ సర్వర్ రాశారు. గిట్ బ్రాంచ్ (కోడ్‌లో విడిగా నడిచే ఒక శాఖ) పేరు పంపితే అది ఆ బ్రాంచ్‌కి మారి బిల్డ్ చేసి పెడుతుంది. అందరి ల్యాప్‌టాప్‌లలోనూ 3000 పోర్ట్ మీద నడుస్తుంది. ఈ మధ్యే ఏఐ అసిస్టెంట్ కూడా వాడుకునేలా దానికి ఎంసీపీ (అసిస్టెంట్లు బయటి టూల్స్‌ను పిలిచే ప్రొటోకాల్) జోడించారు. సెక్యూరిటీ టీమ్ చూసి "కమాండ్ ఇంజెక్షన్, క్రిటికల్" అని టికెట్ వేసింది. అంటే బయటివాళ్లు పంపిన మాట మీ మెషీన్‌లో కమాండ్‌గా నడిచిపోయే లోపం. మీరు బ్రాంచ్ పేరు చుట్టూ డబుల్ కోట్స్ పెట్టి, సెమీకోలన్, యాంపర్సండ్, పైప్ గుర్తులను తీసేసే కోడ్ రాశారు. అయినా వాళ్లు టికెట్ మూయడం లేదు. "ఇది లోకల్‌హోస్ట్‌లోనే నడుస్తుంది, వాడేది మా వాళ్లే, ఇంత రాద్ధాంతం అవసరమా?" అని అడిగారు.

సెక్యూరిటీ టీమ్ మాటే నిజం. మీరు వేసిన ప్యాచ్ తప్పును మూయలేదు. పైగా మీ సర్వర్ లోకల్‌హోస్ట్‌లో మాత్రమే నడుస్తోందన్నది కూడా బహుశా నిజం కాదు. చివరి మాట ముందు తేల్చుకుందాం, ఎందుకంటే రెండు నిమిషాల పని.

ఎక్స్‌ప్రెస్‌లో లిజన్ అని పిలిచి పోర్ట్ నంబర్ ఒక్కటే ఇస్తే, నోడ్ ఆ పోర్ట్‌ను మెషీన్‌లోని అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల మీదా తెరుస్తుంది. 127.0.0.1 (మెషీన్ తనను తాను పిలుచుకునే అడ్రస్, అదే లోకల్‌హోస్ట్) అని హోస్ట్ కూడా ఇస్తేనే ఆ మెషీన్‌కి పరిమితం అవుతుంది. టెర్మినల్‌లో "లోకల్‌హోస్ట్ 3000లో నడుస్తోంది" అని కనిపించడం ఏమీ రుజువు కాదు. ఆ వాక్యం మీరే కన్సోల్ లాగ్‌లో రాసుకున్నది. మీ ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూసి, అదే వైఫైలో ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో ఆ ఐపీ, పక్కన 3000 కొట్టండి. పేజీ వచ్చిందంటే, మాదాపూర్‌లో కో-వర్కింగ్ స్పేస్‌లో మీ పక్క టేబుల్ దగ్గర కూర్చున్న మనిషికి కూడా వస్తుంది. ఎయిర్‌పోర్ట్ వైఫైలో ఉన్నవాళ్లకు కూడా వచ్చే అవకాశం ఉంది.

ఈ పొరపాటు మీ ఒక్కరిదే అనుకోకండి. మొబైల్ యాప్‌లు రాసే రియాక్ట్ నేటివ్ వాడేవాళ్లందరికీ తెలిసిన మెట్రో డెవలప్‌మెంట్ సర్వర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2025 నవంబర్‌లో జేఫ్రాగ్ పరిశోధకులు బయటపెట్టిన సీవీఈ-2025-11953 వివరాలు చూడండి (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే నంబర్). రియాక్ట్ నేటివ్ కమ్యూనిటీ సీఎల్ఐ ప్యాకేజీ మొదలుపెట్టే ఆ సర్వర్‌లో ఓపెన్-యూఆర్ఎల్ అనే ఎండ్‌పాయింట్ (రిక్వెస్ట్ పంపే అడ్రస్) ఉంది. పంపిన యూఆర్ఎల్‌ను డెవలపర్ మెషీన్‌లో బ్రౌజర్‌లో తెరవడం దాని పని. ఆ యూఆర్ఎల్‌ను ఏ తనిఖీ లేకుండా 'ఓపెన్' అనే ఎన్‌పీఎం లైబ్రరీకి ఇచ్చేశారు. లాగిన్ లేదు, టోకెన్ లేదు. సర్వర్ మాత్రం డిఫాల్ట్‌గా అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వింటోంది. ఫలితంగా నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా ఒక్క పోస్ట్ రిక్వెస్ట్‌తో విండోస్ మెషీన్‌లో తమకు నచ్చిన షెల్ కమాండ్ నడిపించగలిగారు. లైనక్స్, మ్యాక్‌లలో ఆర్గ్యుమెంట్ల మీద పట్టు కొంత తక్కువ, అయినా ప్రోగ్రామ్‌లు నడపవచ్చు. తీవ్రత 10కి 9.8. అప్పట్లో వారానికి దాదాపు 20 లక్షల డౌన్‌లోడ్‌లు ఉన్న ప్యాకేజీ అది. సర్వర్ ఏపీఐ ప్యాకేజీ 20.0.0 వెర్షన్‌లో సరిచేశారు. మీ టీమ్‌లో ఎవరైనా రియాక్ట్ నేటివ్ మీద పనిచేస్తుంటే ఈ వెర్షన్ ఈరోజే చూడమనండి.

గమనించారా, ఆ ఎండ్‌పాయింట్ చేసే పని ఎంత చిన్నదో! ఒక లింక్ తెరవడం. మీది ఒక బ్రాంచ్‌కి మారడం. ఇలాంటి చిన్న సదుపాయాల దగ్గరే ఈ తప్పు దొర్లుతుంది, ఎందుకంటే అక్కడ ఎవరూ ఆగి ఆలోచించరు.

ఇప్పుడు అసలు తప్పు ఎక్కడుందో చెప్తాను. నోడ్‌లో కమాండ్ నడిపే ఎగ్జెక్ ఫంక్షన్‌కి మీరు ఒక స్ట్రింగ్ (అక్షరాల వరస) ఇస్తారు: "గిట్ చెకౌట్" అని రాసి పక్కన బ్రాంచ్ పేరు అతికిస్తారు. నోడ్ ఆ స్ట్రింగ్‌ను గిట్‌కి ఇవ్వదు. షెల్‌కి ఇస్తుంది. లైనక్స్, మ్యాక్‌లలో బిన్‌లోని ఎస్‌హెచ్, విండోస్‌లో సీఎండీ. షెల్ అంటే ఒక ప్రోగ్రామింగ్ భాష చదివే ఇంటర్‌ప్రెటర్. దానికి సెమీకోలన్ అంటే తర్వాతి కమాండ్, డాలర్ అంటే వేరియబుల్, డాలర్ పక్కన రౌండ్ బ్రాకెట్ అంటే "లోపలిది ముందు నడిపి ఫలితం ఇక్కడ పెట్టు". ఆ స్ట్రింగ్‌లో ఎంతవరకు మీరు రాశారో, ఎక్కడి నుంచి బయటివాళ్లు పంపారో షెల్‌కి తెలియదు. అంటే మీరు బయటి మనిషి చేత మీ ప్రోగ్రామ్‌లో ఒక లైను రాయిస్తున్నారు. తప్పు గుర్తుల్లో లేదు, షెల్ మధ్యలో ఉండటంలో ఉంది.

ఇది నాకు పుస్తకంలో అర్థం కాలేదు. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో మీలాంటి బిల్డ్ సర్వర్‌నే నేను రాశాను. ఒకరోజు ఒక బ్రాంచ్ బిల్డ్ మాత్రం వింతగా ఫెయిలవడం మొదలైంది. లాగ్‌లో "డి-రిపోర్ట్ అనే కమాండ్ దొరకలేదు" అని వస్తోంది. అలాంటి కమాండ్ మా కోడ్‌లో ఎక్కడా లేదు. రెండు గంటలు వెతికాక బ్రాంచ్ పేరు చూశాం: "ఆర్&డి-రిపోర్ట్". పరిశోధన విభాగం రిపోర్ట్ కోసం ఒకమ్మాయి ఎంతో మామూలుగా పెట్టిన పేరు. షెల్ ఆ యాంపర్సండ్ దగ్గర స్ట్రింగ్‌ను రెండు ముక్కలు చేసింది. మొదటి ముక్కను బ్యాక్‌గ్రౌండ్‌లో నడిపి, రెండో ముక్కను కొత్త కమాండ్‌గా నడపబోయింది. ఆ రెండో ముక్క డి-రిపోర్ట్ కాబట్టి ఎర్రర్ వచ్చింది. అది మెషీన్‌లో నిజంగా ఉన్న కమాండ్ అయి ఉంటే నడిచేది.

అప్పుడు నేను కూడా మీరు చేసిందే చేశాను. యాంపర్సండ్ తీసేశాను, చేతిలో పని కదా అని సెమీకోలన్, పైప్ కూడా తీసేశాను. కొన్ని నెలల తర్వాత బయటి ఆడిటర్ వచ్చి పది నిమిషాల్లో ఆ సర్వర్‌లో తనకు కావలసిన కమాండ్ నడిపి చూపించాడు. ఆ బిల్డ్ మెషీన్‌లో ప్రొడక్షన్‌కి వెళ్లే డిప్లాయ్ కీ ఉంది. ఆ రాత్రి పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఆ ఆడిటర్ వాడింది డాలర్, బ్రాకెట్. డబుల్ కోట్స్ లోపల ఉన్నా షెల్ దాన్ని నడుపుతుంది. బ్యాక్‌టిక్ కూడా అంతే. డబుల్ కోట్స్ ఆపేది ఖాళీల దగ్గర ముక్కలు కావడం లాంటివాటినే. పైగా మీరు డబుల్ కోట్‌ను తీసేయడం లేదు కాబట్టి, పంపేవాడు తనే ఒక కోట్ పెట్టి మీ కోట్‌ను మూసేయగలడు. తర్వాత కొత్త లైను గుర్తు పెడితే చాలు, అది సెమీకోలన్ చేసే పనే చేస్తుంది. ఖాళీలు తీసేసినా లాభం లేదు, షెల్‌లో ఐఎఫ్ఎస్ అనే వేరియబుల్‌ను ఖాళీకి బదులు వాడవచ్చు.

"గిట్ ఇలాంటి పేర్లను ఒప్పుకోదు కదా" అని మీ టీమ్‌లో ఎవరో అన్నారని రాశారు. గిట్ బ్రాంచ్ పేరులో ఖాళీ, కోలన్, క్వశ్చన్ మార్క్, స్టార్, బ్యాక్‌స్లాష్, టిల్డ, వరసగా రెండు చుక్కలు లాంటివాటిని ఒప్పుకోదు, నిజమే. కానీ సెమీకోలన్, యాంపర్సండ్, డాలర్, రౌండ్ బ్రాకెట్లు, కోట్స్, బ్యాక్‌టిక్ అన్నీ ఒప్పుకుంటుంది. గిట్ నిబంధనలు గిట్ కోసం రాసుకున్నవి, షెల్ నుంచి మనల్ని కాపాడటానికి కాదు. అసలు మీ సర్వర్‌కి వచ్చే పేరు నిజమైన బ్రాంచ్ అయి ఉండాల్సిన పని కూడా లేదు. గిట్ చూసేలోపే షెల్ తన పని చేసేసి ఉంటుంది.

సరే, 127.0.0.1కి కట్టేస్తే సరిపోతుందా? అది తప్పకుండా చేయండి, కానీ సరిపోదు. మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తూ, ముక్కూమొహం తెలియని వాళ్లు రాసిన కోడ్‌ను రోజంతా నడిపే ప్రోగ్రామ్ ఒకటుంది. అదే బ్రౌజర్. మీరు ఏదో సైట్ తెరిచినప్పుడు, బ్రౌజర్ తనంతట తాను అడ్డుకోకపోతే, ఆ పేజీలోని జావాస్క్రిప్ట్ మీ మెషీన్‌లోని 3000 పోర్ట్‌కి రిక్వెస్ట్ పంపించగలదు. "కోర్స్ అడ్డుకుంటుంది కదా" అని చాలామంది అనుకుంటారు. కోర్స్ అంటే ఒక సైట్ ఇంకో సర్వర్‌కి పంపే రిక్వెస్ట్‌ల విషయంలో బ్రౌజర్ పాటించే నిబంధనలు. కోర్స్ ఆపేది జవాబు చదవడాన్ని. మామూలు గెట్ రిక్వెస్ట్, ఫారం పోస్ట్, ప్లెయిన్ టెక్స్ట్‌గా పంపే పోస్ట్ లాంటివి ముందస్తు అనుమతి అడగకుండానే సర్వర్‌కి చేరతాయి. జవాబు చదవలేకపోతే దాడి చేసేవాడికి ఏం నష్టం? కమాండ్ అప్పటికే నడిచిపోయింది. జేసన్‌గా మాత్రమే తీసుకుంటే బ్రౌజర్ ముందు ఆప్షన్స్ రిక్వెస్ట్ పంపి అనుమతి అడుగుతుంది, అది కొంత అడ్డు. కానీ మీరు "ఫ్రంటెండ్ పనిచేయడం లేదని" కోర్స్‌ను అందరికీ తెరిచి పెట్టామని రాశారు కాబట్టి ఆ అడ్డు కూడా లేదు. మీ ఎండ్‌పాయింట్ గెట్ అయితే ఒక ఇమేజ్ ట్యాగ్ చాలు.

ఇది ఊహ కాదు. 2018లోనే క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్ వాడిన రియాక్ట్-డెవ్-యుటిల్స్ లైబ్రరీలో సీవీఈ-2018-6342 బయటపడింది. ఎర్రర్ స్క్రీన్ మీద ఫైల్ పేరు నొక్కితే ఎడిటర్ తెరుచుకునే సదుపాయం గుర్తుందా? ఆ ఫైల్ పేరు విండోస్‌లో సీఎండీ ద్వారా వెళ్లేది, తనిఖీ సరిగా లేదు. నేరుగా కానీ, డెవలపర్ తెరిచిన వేరే సైట్ ద్వారా కానీ రిక్వెస్ట్ చేరితే కమాండ్ నడిచేది. దాన్ని సరిచేసిన తీరు నాకు నచ్చుతుంది. చెడ్డ గుర్తుల జాబితా రాయకుండా, ఫైల్ పేరులో ఏ అక్షరాలు ఉండొచ్చో చెప్పి, అవి తప్ప మిగతావి ఉంటే ఎడిటర్ తెరవడం మానేశారు. అరుదైన కొన్ని నిజమైన ఫైల్ పేర్లకు అది పనిచేయదని కోడ్‌లోనే రాసుకున్నారు. ఆ నష్టం భరించదగ్గదే.

2024 ఆగస్టులో ఒలిగో సెక్యూరిటీ వాళ్లు ఇంకో సంగతి చూపించారు. మ్యాక్, లైనక్స్‌లలో వెబ్‌సైట్లు 127.0.0.1కి బదులు 0.0.0.0 అనే అడ్రస్‌కి రిక్వెస్ట్ పంపి లోకల్ సర్వర్లను చేరగలుగుతున్నాయని. అప్పటికే 18 ఏళ్లుగా ఉన్న లోపం అది. తర్వాత బ్రౌజర్లు దీన్ని మూసే పని మొదలుపెట్టాయి. మంచిదే, కానీ మీ టీమ్‌లో అందరి బ్రౌజర్ వెర్షన్ మీద మీ సర్వర్ భద్రత ఆధారపడకూడదు. ఇది కాక డీఎన్ఎస్ రీబైండింగ్ ఉంది. దాడి చేసేవాడు తన డొమైన్ పేరుకు మొదట తన సర్వర్ ఐపీ, కాసేపటికి 127.0.0.1 జవాబుగా ఇస్తాడు. బ్రౌజర్ దృష్టిలో రెండూ ఒకే సైట్, కాబట్టి జవాబు కూడా చదవగలడు. దీన్ని పట్టేది హోస్ట్ హెడర్. అందులో మీ లోకల్‌హోస్ట్ బదులు అతని డొమైన్ పేరు ఉంటుంది.

ఎంసీపీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీరు అడిగిన వాటిలో నన్ను నిజంగా కలవరపెట్టింది అదే. మీరు "వాడేది మా వాళ్లే" అన్నారు. అసిస్టెంట్‌ను కలిపాక అది నిజం కాదు. ఇప్పుడు బ్రాంచ్ పేరు రాసేది మోడల్. ఆ మోడల్ అప్పటిదాకా ఏం చదివింది? ఒక ఇష్యూ వివరణ, ఎవరో రాసిన రీడ్‌మీ, ఒక వెబ్ పేజీ, బయటి కాంట్రిబ్యూటర్ పుల్ రిక్వెస్ట్. వాటిలో ఎవరైనా "బిల్డ్ టూల్‌ను ఈ బ్రాంచ్ పేరుతో పిలువు" అని దాచి రాస్తే, మోడల్ ఆ మాట విని ఆ పేరును యథాతథంగా మీ ఎగ్జెక్‌కి తెచ్చిపెట్టవచ్చు. ఇక్కడ నెట్‌వర్క్ దాడి లేదు, బ్రౌజర్ లేదు. మీ డెవలపరే తన అసిస్టెంట్‌ను ఏదో పని చేయమన్నాడు, అంతే. టూల్‌కి ఏం పంపాలో చెప్పే స్కీమాలో "ఇది స్ట్రింగ్" అని రాసుకోవడం టైపును మాత్రమే చూస్తుంది. ప్రమాదకరమైన స్ట్రింగ్ కూడా స్ట్రింగే.

ఫిగ్మా డిజైన్లను కోడింగ్ అసిస్టెంట్లకు అందించే ఫ్రేమ్‌లింక్ ఎంసీపీ సర్వర్‌లో వచ్చిన సీవీఈ-2025-53967 దీనికి దగ్గరి ఉదాహరణ. ఇంపెర్వా పరిశోధకులు కనిపెట్టారు. అందులో ఫిగ్మా ఏపీఐకి రిక్వెస్ట్ మామూలుగా ఫెచ్‌తో వెళ్తుంది. ఫెచ్ ఫెయిలైతే, కార్పొరేట్ ప్రాక్సీల వెనక ఉన్నవాళ్ల కోసమని, కర్ల్ కమాండ్‌ను స్ట్రింగ్‌గా కూర్చి ఎగ్జెక్‌తో నడిపే దారి ఒకటి పెట్టారు. యూఆర్ఎల్‌లో బయటి నుంచి వచ్చిన విలువలు ఉంటాయి. మంచి ఉద్దేశంతో పెట్టిన ప్రత్యామ్నాయమే దారి అయ్యింది. 0.6.3లో ఎగ్జెక్ బదులు ఎగ్జెక్‌ఫైల్ వాడి సరిచేశారు. నా సలహా: మీ కోడ్‌లో క్యాచ్ బ్లాకులను, "ఇది కుదరకపోతే అది" అనే దారులను ప్రత్యేకంగా చదవండి. రోజూ నడవవు కాబట్టి రివ్యూలో ఎవరూ చూడరు.

దీంతో కలిపి చెప్పుకునే ఎంసీపీ ఇన్‌స్పెక్టర్ లోపం, సీవీఈ-2025-49596, కొంచెం వేరు. ఆంత్రోపిక్ తయారుచేసిన ఆ టూల్ పనే కమాండ్ నడపడం, కాబట్టి అక్కడ ఇంజెక్షన్ లేదు. "ఎవరు అడుగుతున్నారు" అని అడగకపోవడమే లోపం. వెబ్‌సైట్ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌కి కూడా కమాండ్ నడిపేది. 0.14.1లో సెషన్ టోకెన్, ఆరిజిన్ తనిఖీ చేర్చారు. మీ సర్వర్‌లో ఈ రెండు తప్పులూ ఉన్నాయి, రెండూ విడివిడిగా సరిచేయాలి. ఒకటి చేసి రెండోది వదిలేయడం కుదరదు.

ఇక రిపేరు. మొదట అడగాల్సింది: అసలు ఈ కమాండ్ అవసరమా? ఫైళ్లు కాపీ చేయడానికి, ఫోల్డర్ తీసేయడానికి, యూఆర్ఎల్ తెచ్చుకోవడానికి నోడ్‌లోనే ఫంక్షన్లు ఉన్నాయి. ఇంతకుముందు మీ ఫైల్ పంచుకున్నారు కదా, అందులో ఏడు ఎగ్జెక్‌లలో నాలుగు ఇలాంటివే. అవి తీసేయండి. మిగిలిన గిట్, ఎన్‌పీఎం లాంటివాటికి ఎగ్జెక్‌ఫైల్ కానీ స్పాన్ కానీ వాడండి. మొదటి ఆర్గ్యుమెంట్ ప్రోగ్రామ్ పేరు, రెండోది ఆర్గ్యుమెంట్ల అరే. చెకౌట్ ఒక ఎలిమెంట్, బ్రాంచ్ పేరు ఇంకో ఎలిమెంట్. మధ్యలో షెల్ ఉండదు కాబట్టి డాలర్ అంటే డాలరే, సెమీకోలన్ అంటే సెమీకోలనే. "ఆర్&డి-రిపోర్ట్" కూడా హాయిగా పనిచేస్తుంది. అందులో షెల్ ఆప్షన్ ట్రూ అని మాత్రం పెట్టకండి. అది పెడితే నోడ్ ఆ అరేను మళ్లీ ఒక స్ట్రింగ్‌గా అతికించి షెల్‌కే ఇస్తుంది, ఏ ఎస్కేపింగ్ చేయకుండా. ఈ కారణంగానే నోడ్ 24 నుంచి అలా రాస్తే హెచ్చరిక వస్తోంది. పైథాన్ వాడేవాళ్లకు కూడా ఇదే మాట: సబ్‌ప్రాసెస్‌కి లిస్ట్ ఇవ్వాలి, షెల్ ట్రూ వద్దు, ఓఎస్ డాట్ సిస్టమ్ అసలే వద్దు.

షెల్ పోయాక ఇంకో చిన్న తలుపు మిగులుతుంది, చాలామంది ఇక్కడ ఆగిపోతారు. బ్రాంచ్ పేరు హైఫన్‌తో మొదలైతే గిట్ దాన్ని పేరు అనుకోదు, ఆప్షన్ అనుకుంటుంది. గిట్‌లో కొన్ని ఆప్షన్లు కమాండ్ నడపగలవు: ఫెచ్, క్లోన్‌లలో అప్‌లోడ్-ప్యాక్ ఆప్షన్ ఒకటి. లాగ్, డిఫ్‌లలో అవుట్‌పుట్ ఆప్షన్ ఏ ఫైల్ మీదైనా రాసేయగలదు. గిట్‌లోనే 2017లో సీవీఈ-2017-1000117 ఇలా వచ్చింది. ఎస్ఎస్‌హెచ్ యూఆర్ఎల్‌లో హోస్ట్ పేరు హైఫన్‌తో మొదలుపెడితే ఎస్ఎస్‌హెచ్ దాన్ని ప్రాక్సీ కమాండ్ ఆప్షన్‌గా తీసుకుని నడిపేది. "రెండు హైఫన్లు పెడితే ఆప్షన్లు ఆగిపోతాయి" అని మీకు ఎవరైనా చెప్తారు. చాలా ప్రోగ్రామ్‌లకు నిజమే, కానీ గిట్ చెకౌట్‌లో ఆ రెండు హైఫన్ల తర్వాత వచ్చేది ఫైల్ పేరు అవుతుంది, బ్రాంచ్ కాదు. నేను చేసేది ఇదీ: పేరు ముందు "రెఫ్స్/హెడ్స్/" నేనే కలిపి పంపుతాను. అప్పుడు ఆ ఆర్గ్యుమెంట్ ఏ పరిస్థితిలోనూ హైఫన్‌తో మొదలుకాదు. డిటాచ్డ్ హెడ్ స్థితి (ఏ బ్రాంచ్‌కీ కట్టుబడకుండా ఆ కోడ్ మాత్రమే తెరుచుకోవడం) వస్తుంది, బిల్డ్‌కి దానివల్ల ఇబ్బంది లేదు.

దానికి తోడు పేరును తనిఖీ చేయండి. అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, స్లాష్, హైఫన్, మీ టీమ్ అలవాటును బట్టి ఇంకొకటో రెండో. వాటిలో లేనిది వస్తే 400 (తప్పు రిక్వెస్ట్ అనే ఎర్రర్) తో వెనక్కి పంపండి. చెడ్డ గుర్తు తీసేసి మిగతాది నడపడం చేయకండి. తీసేయగా మిగిలింది పంపినవాడు అడిగిన పేరు కాదు, అది వేరే బ్రాంచ్ కావచ్చు, లేదా తీసేశాకే ప్రమాదకరంగా మారే పేరు కావచ్చు. ఈ తనిఖీ రెండో గోడ మాత్రమే అని గుర్తుంచుకోండి, మొదటిది షెల్ లేకపోవడం.

విండోస్ వాడేవాళ్లు మీ టీమ్‌లో ఉన్నారన్నారు, కాబట్టి ఇది కూడా. విండోస్‌లో ఎన్‌పీఎం అనేది నిజానికి ఎన్‌పీఎం డాట్ సీఎండీ అనే బ్యాచ్ ఫైల్. బ్యాచ్ ఫైల్‌ను షెల్ లేకుండా పిలిచినా విండోస్ లోపల సీఎండీనే తెస్తుంది, దాని కోట్స్ నిబంధనలు పూర్తిగా వేరు. దీనివల్ల 2024 ఏప్రిల్‌లో నోడ్‌కి సీవీఈ-2024-27980, రస్ట్ భాషకి సీవీఈ-2024-24576 వచ్చాయి. ఆ తర్వాతి నోడ్ వెర్షన్లలో బ్యాచ్ ఫైల్‌ను స్పాన్ చేస్తే ఎర్రర్ వస్తుంది. ఇంటర్నెట్‌లో వెతికితే "షెల్ ట్రూ పెట్టండి, పోతుంది" అనే జవాబే ఎక్కువగా దొరుకుతుంది. ఎర్రర్ పోతుంది, రంధ్రం తిరిగి వస్తుంది. బయటి విలువ ఒక్కటి కూడా లేని స్థిరమైన కమాండ్‌కి అయితే పర్వాలేదు. లేదంటే ప్రస్తుతం నడుస్తున్న నోడ్ ఎగ్జిక్యూటబుల్‌తోనే ఎన్‌పీఎం సీఎల్ఐ జావాస్క్రిప్ట్ ఫైల్‌ను నేరుగా నడపండి. విండోస్‌లో ఎస్కేప్ ఫంక్షన్ మీరే రాసుకునే ప్రయత్నం దయచేసి చేయకండి. డబుల్ కోట్స్ లోపల కూడా పర్సెంట్ గుర్తుల మధ్య ఉన్న పేరును సీఎండీ వేరియబుల్‌గా మార్చేస్తుంది, సింగిల్ కోట్‌ను అసలు కోట్‌గానే చూడదు.

"ఎవరు అడుగుతున్నారు" అన్న రెండో తప్పుకు: 127.0.0.1కి కట్టండి. సర్వర్ మొదలైనప్పుడు ఒక ర్యాండమ్ టోకెన్ తయారుచేసి, ప్రతి రిక్వెస్ట్‌లోనూ హెడర్‌లో అది ఉండాలని పెట్టండి. హోస్ట్ హెడర్ లోకల్‌హోస్ట్ లేదా 127.0.0.1 కాకపోతే తిరస్కరించండి. ఆరిజిన్ హెడర్ వస్తే మీకు తెలిసిన జాబితాలో ఉందో లేదో చూడండి. హెచ్‌టీటీపీ మీద నడిచే ఎంసీపీ సర్వర్లు ఆరిజిన్‌ను తప్పనిసరిగా తనిఖీ చేయాలని ఆ ప్రొటోకాల్ నిబంధనల్లోనే ఉంది. అందరికీ తెరిచిన కోర్స్ లైను తీసేయండి. పని మార్చేవన్నీ గెట్ నుంచి పోస్ట్‌కి మార్చండి.

మీరు అడగని ఒక సంగతి. ఇవన్నీ చేసినా, మీ సర్వర్ ఎవరిదో బ్రాంచ్‌కి మారి ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ నడుపుతోంది. ఆ బ్రాంచ్‌లోని ప్యాకేజీ ఫైల్‌లో పోస్ట్-ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ ఏముంటే అది నడుస్తుంది. అది ఇంజెక్షన్ కాదు, ఎన్‌పీఎం పనితీరే అంత. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌హెచ్ కీలు, క్లౌడ్ క్రెడెన్షియల్స్, ఎన్‌పీఎం పబ్లిష్ టోకెన్, ఎన్విరాన్‌మెంట్ ఫైళ్లు ఉంటాయి. బిల్డ్‌ను హోం డైరెక్టరీ కనిపించని కంటైనర్‌లోకి మార్చగలిగితే మార్చండి. ఈ వారమే కాకపోయినా ప్లాన్‌లో పెట్టండి.

టికెట్ గురించి. "క్రిటికల్ అవసరమా" అన్నారు. 2024 జులైలో అమెరికా ప్రభుత్వ సైబర్ సంస్థ సిసా, ఎఫ్‌బీఐ కలిసి ఈ ఒక్క తరగతి లోపం గురించే ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చాయి. సిస్కో, పాలో ఆల్టో, ఇవాంటి నెట్‌వర్క్ పరికరాల్లో ఇదే తప్పుతో దాడులు జరిగాక వచ్చిన హెచ్చరిక అది. దశాబ్దాలుగా తెలిసిన తప్పు, ఆపడం తెలిసిన తప్పు, అయినా వస్తూనే ఉంది. కాబట్టి వాళ్లు పెట్టిన తీవ్రత మీద వాదించడంలో సమయం పెట్టకండి. ఆ సమయంలో కోడ్ మారిపోతుంది.

వెతకడానికి: ప్రాజెక్ట్ మొత్తంలో ఎగ్జెక్, ఎగ్జెక్‌సింక్, షెల్ ట్రూ అన్న మాటల కోసం గ్రెప్‌తో వెతకండి. ప్రతి చోటా "ఈ స్ట్రింగ్‌లోకి వచ్చే ప్రతి ముక్క ఎక్కడ పుట్టింది" అని వెనక్కి నడవండి. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్ టూల్ సెక్యూరిటీ ప్లగిన్‌లో చైల్డ్ ప్రాసెస్ వాడకాన్ని పట్టే రూల్ ఉంది, దాన్ని సీఐలో (ప్రతి మార్పుకీ ఆటోమేటిక్‌గా నడిచే తనిఖీలలో) పెట్టండి. మీరు వాడే లైబ్రరీలను కూడా వదలకండి. మెట్రో కథలో కమాండ్ నడిపే లైను ఆ ఎండ్‌పాయింట్ కోడ్‌లో కాక కింద ఉన్న 'ఓపెన్' లైబ్రరీలో ఉంది.

అంతా మార్చాక ఇలా పరీక్షించండి. మీ సొంత మెషీన్‌లో మూడు పేర్లు పంపండి. ఒకటి, డాలర్ బ్రాకెట్లలో స్లీప్ 5 ఉన్న పేరు. జవాబు ఐదు సెకన్లు ఆలస్యమైతే షెల్ ఇంకా మధ్యలో ఉన్నట్టే. రెండు, హైఫన్‌తో మొదలయ్యే పేరు. మూడు, యాంపర్సండ్ ఉన్న నిజమైన బ్రాంచ్. దాన్ని మీ జాబితాలో ఒప్పుకుంటే సక్రమంగా బిల్డ్ కావాలి, లేకపోతే 400 రావాలి, మధ్యస్థంగా ఏమీ జరగకూడదు. తర్వాత ఫోన్ నుంచి అదే వైఫైలో ఇంకోసారి ప్రయత్నించండి, కనెక్షన్ అసలు కుదరకూడదు. ఈ మూడు పేర్లనూ ఆటోమేటెడ్ టెస్ట్‌లుగా రాసి, ఆ కమిట్ లింక్‌తోనే టికెట్‌కి జవాబివ్వండి. ఆ సర్వర్‌ను బయటి వైఫైలో నడిపినవాళ్లు మీ టీమ్‌లో ఉంటే, వాళ్ల ఎస్ఎస్‌హెచ్ కీలు, టోకెన్లు మార్చడం ఈరోజే మొదలుపెట్టండి, కోడ్ పూర్తయ్యేదాకా ఆగకండి. ఎగ్జెక్‌ఫైల్‌కి మార్చేటప్పుడు ఎక్కడైనా చిక్కుకుంటే ఆ ఫంక్షన్ ఒక్కటి ఇక్కడ పెట్టండి, చూస్తాను.